కచేరీ తెగకుండా వినాలంటే: కంప్యూటర్‌లో గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ సెట్ చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఆలాపన సాగి సాగి తారస్థాయిలో ఒక్క క్షణం నిలబడి, ఆ ఊపు మీదే కృతి ఎత్తుకునే చోటు ఉంటుంది చూడండి, సీడీ తయారుచేసేవాళ్లు సరిగ్గా అక్కడే ట్రాక్ మారుస్తారు. సీడీ ప్లేయర్‌లో వింటే ఆ మార్పు మనకి తెలియనే తెలియదు. అదే సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫైళ్లుగా వింటే మాత్రం తంబురా శ్రుతి ఠక్కున తెగుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. రాగం, తానం, పల్లవి మూడూ మూడు ట్రాకులుగా ఉన్న కచేరీ అయితే ఇక చెప్పక్కర్లేదు, అరగంట కష్టపడి గాయకుడు కట్టిన వాతావరణం అంతా ఆ అర క్షణంలో పోతుంది. మధ్యలో ఈ ఖాళీ రాకుండా ట్రాకులని ఏకధాటిగా పాడించడాన్నే గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ అంటారు.

సినిమా పాటలు మాత్రమే వినేవాళ్లకి దీనితో పెద్దగా పనిలేదు, ఏ పాటకి ఆ పాట అయిపోతుంది కాబట్టి. కచేరీలు, హరికథలు, బుర్రకథలు, పద్య నాటకాలు వినేవాళ్లకి మాత్రం ఇది చాలా పెద్ద విషయం. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన విజయనగరం సంగీత కళాశాల మన వైజాగ్‌కి పక్కనే ఉంది. వైజాగ్‌లో చాలా ఇళ్లలో ఇప్పటికీ బీరువా పైన అట్టపెట్టెల్లో క్యాసెట్లు, సీడీలు ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను, ఇప్పటికే ఎక్కించేసుకుని అతుకుల దగ్గర ఇబ్బంది పడుతున్నవాళ్లకీ పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. గ్యాప్ వస్తోందంటే అందరూ మొదట చేసే పని ప్లేయర్ మార్చడం. ఒకటి తీసేసి ఇంకొకటి, అదీ కాకపోతే మరొకటి. గ్యాప్ పుట్టే చోట్లు మూడు: ఫైల్లో, ప్లేయర్‌లో, ప్లేయర్ నుంచి స్పీకర్ దాకా వెళ్లే దారిలో. నేను చూసినంతలో ఎక్కువసార్లు తప్పు ఫైల్లోనే ఉంటుంది, ఫైల్లో తప్పుంటే ప్రపంచంలో ఏ ప్లేయర్ వేసినా అది పోదు. కాబట్టి ముందు ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి.

అసలు ఖాళీ ఎలా వస్తుంది

సీడీలో ఒక సెకను ధ్వనిని 44,100 శాంపిళ్లుగా, అంటే చిన్న చిన్న కొలతలుగా రాస్తారు. ఎంపీ3 చేసేటప్పుడు ఎన్‌కోడర్ (ఆ ఫైల్‌ని తయారుచేసే సాఫ్ట్‌వేర్) వీటిని విడివిడిగా తీసుకోదు, 1152 శాంపిళ్లకి ఒక ఫ్రేమ్ చొప్పున కడుతుంది. ఒక ఫ్రేమ్ అంటే సుమారు 26 మిల్లీసెకన్లు. మన ట్రాక్ పొడవు సరిగ్గా 1152తో భాగించబడేలా ఎందుకుంటుంది, ఉండదు. గుడ్ల ట్రేలో 30 పడతాయి, మీ దగ్గర 100 గుడ్లు ఉంటే నాలుగు ట్రేలు కావాలి, నాలుగో ట్రేలో 20 గుంటలు ఖాళీగా ఉంటాయి, ఇదీ అలాంటిదే. చివరి ఫ్రేమ్‌లో మిగిలిన చోటుని ఎన్‌కోడర్ నిశ్శబ్దంతో నింపేస్తుంది.

ఇది చివర్లో సంగతి. మొదట్లో కూడా ఉంది. ఎంపీ3 లెక్కలు పనిచేసే పద్ధతి వల్ల ఎన్‌కోడర్ ముందు కొంత ఖాళీ వదలక తప్పదు. అందరూ వాడే లేమ్ ఎన్‌కోడర్ 576 శాంపిళ్లు వదులుతుంది, పాడించేటప్పుడు డీకోడర్ ఇంకో 529 కలుపుతుంది. మొత్తం 1105, అంటే సెకనులో నలభయ్యో వంతు. దీనికి అంతకు ముందరి ట్రాక్ చివరి ఖాళీ కూడా కలిస్తే చెవికి స్పష్టంగా తెలిసేంత అవుతుంది. మాటల మధ్య అయితే పట్టించుకోం కానీ తంబురా మీద, వయొలిన్ కమాను లాగుతున్న చోట, మృదంగం నడక మధ్యలో అది దాగదు. తాళం వేస్తూ వినే అలవాటున్నవాళ్లకి ఇంకా ఇబ్బంది, అతుకు దగ్గర చెయ్యి తప్పుతుంది.

లేమ్ రాసినవాళ్లు దీనికి మంచి పరిష్కారం పెట్టారు. ముందు ఎన్ని శాంపిళ్లు ఖాళీ, వెనక ఎన్ని ఖాళీ అన్న లెక్కని ఫైల్ మొదట్లోనే ఒక చిన్న ట్యాగ్‌లో రాసిపెడతారు. ప్లేయర్ ఆ లెక్క చదివి అంత మేర కత్తిరించి పాడితే అతుకు తెలియదు. అంటే రెండు షరతులు: ఫైల్లో ఆ లెక్క ఉండాలి, ప్లేయర్‌కి అది చదవడం రావాలి.

ఏఏసీ ఫైళ్లలోనూ ఇదే కథ. ఆపిల్ ఎన్‌కోడర్ ముందు 2112 శాంపిళ్లు వదిలి, ఆ సంఖ్యని తన ట్యాగ్‌లో రాస్తుంది. ఐట్యూన్స్‌కి గ్యాప్‌లెస్ వచ్చింది 2006లో, ఏడో వెర్షన్‌తో. ఆగ్ వోర్బిస్, ఓపస్ తర్వాత వచ్చినవి, వాటిలో ఈ లెక్క ఫార్మాట్‌లోనే భాగం. ధ్వనిలో ఏమీ పోకుండా దాచే ఫ్లాక్, వేవ్, ఆపిల్ లాస్‌లెస్ ఫార్మాట్లయితే ఈ బాధే లేదు, ఎన్ని శాంపిళ్లు పెడితే అన్నే బయటికి వస్తాయి. అందుకే దాచుకునే కాపీ ఎప్పుడూ ఫ్లాక్‌లో పెట్టుకోమంటాను. గంట సీడీ ఆడియో 635 ఎంబీ దాకా ఉంటుంది, ఫ్లాక్‌లో అది సగానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఇప్పటి హార్డ్ డిస్కుల్లో అదొక లెక్క కాదు.

పరీక్ష: పదిహేను నిమిషాల పని, రోజుల టెన్షన్ తప్పుతుంది

కచేరీ ఫైళ్లతోనే పరీక్షించకండి. ఆ గ్యాప్ ఫైలుదా ప్లేయర్‌దా అన్నది దాంతో తేలదు. మనమే తప్పులేని ఫైళ్లు తయారుచేసుకుని వాటితో చూద్దాం.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ ఉచితంగా దొరుకుతుంది, వేసుకోండి. ప్రాజెక్ట్ రేటు 44100 పెట్టి, జనరేట్ మెనూలో టోన్ తీసుకుని, సైన్ వేవ్, 440 హెర్ట్జ్, 20 సెకన్లు ఇవ్వండి. శబ్దం మరీ పెద్దగా వద్దు, యాంప్లిట్యూడ్ 0.3 చాలు. ఇప్పుడు మొదట్లో ఒక లేబుల్, సుమారు మధ్యలో ఒక లేబుల్ పెట్టండి, కంట్రోల్ బి నొక్కితే లేబుల్ వస్తుంది, ఎక్కడ విడగొట్టాలో చెప్పే గుర్తు అది. మధ్య లేబుల్ సరిగ్గా పదో సెకను మీద మాత్రం పెట్టకండి. అక్కడ ఈ తరంగం సున్నా దగ్గర ఉంటుంది, అందుకని చిన్న ఖాళీ ఉన్నా శబ్దం మెత్తగా వచ్చి చెవికి అందకుండా పోవచ్చు. బాగా జూమ్ చేసి తరంగం శిఖరం మీద ఉన్న చోట పెట్టండి. అప్పుడు ఒక్క మిల్లీసెకను తేడా వచ్చినా టప్పుమని వినిపిస్తుంది.

తర్వాత ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకుని, లేబుళ్ల ప్రకారం విడగొట్టమని చెప్పండి. ఒకసారి ఫ్లాక్‌గా, ఇంకోసారి ఎంపీ3గా. వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి, లేకపోతే కలిసిపోయి గందరగోళం అవుతుంది.

ఇప్పుడు మీ ప్లేయర్‌లో ఫ్లాక్ జత వేయండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వైరు ఉన్నవే. కూత ఇరవై సెకన్లూ ఏకధాటిగా రావాలి. తర్వాత ఎంపీ3 జత. ఫలితాన్ని ఇలా చదవాలి:

- రెండు జతల్లోనూ టప్పుమంటే ప్లేయర్‌లోనో, సౌండ్ బయటికి వెళ్లే దారిలోనో సమస్య ఉంది.
- ఫ్లాక్ శుభ్రంగా వచ్చి ఎంపీ3 మాత్రమే తెగితే, ఆ ప్లేయర్ లేమ్ లెక్క చదవడం లేదు.
- రెండూ శుభ్రంగా వచ్చి, మీ కచేరీ మాత్రం తెగుతుంటే ప్లేయర్‌ని వదిలేయండి. తప్పు ఆ ఫైళ్లలో ఉంది.

ఈ నాలుగు ఫైళ్లనీ దాచుకోండి. కొత్త ప్లేయర్ వేసినప్పుడు, కొత్త డ్యాక్ (కంప్యూటర్‌కి బయట తగిలించే సౌండ్ పరికరం) కొన్నప్పుడు, ఏదైనా సెట్టింగ్ మార్చినప్పుడు ఇవే మళ్లీ పనికొస్తాయి.

ప్లేయర్ ఎంచుకోవడం, సెట్ చేయడం

విండోస్ వాడేవాళ్లకి నా సలహా ఒక్కటే, ఫూబార్2000. ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తుంది, గ్యాప్‌లెస్ కోసం ఏ బటనూ నొక్కక్కర్లేదు, అది పాడే పద్ధతే అంత. మాక్‌కి కూడా ఉంది. చూడ్డానికి బోసిగా ఉంటుంది కానీ ఒక ఆల్బమ్ పెట్టి విన్నాక ఆ సంగతి గుర్తుండదు. మనం చెయ్యాల్సిందల్లా దాన్ని చెడగొట్టకుండా ఉండడం: ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద డీఎస్‌పీ మేనేజర్ అని ఉంటుంది, అక్కడ క్రాస్‌ఫేడర్ కానీ, స్కిప్ సైలెన్స్ కానీ యాక్టివ్ జాబితాలో ఉంటే తీసేయండి.

క్రాస్‌ఫేడ్ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది అదే గ్యాప్‌లెస్ అనుకుని ఆన్ చేస్తారు. క్రాస్‌ఫేడ్ ముందు పాటని తగ్గిస్తూ వెనక పాటని దాని మీదకి ఎక్కిస్తుంది. పెళ్లి ఫంక్షన్‌లో సినిమా పాటలకి బాగుంటుంది. కచేరీలో మాత్రం రెండు చోట్ల ఉన్న మృదంగం ఒకదాని మీద ఒకటి పడి తాళం చెదిరిపోతుంది. స్కిప్ సైలెన్స్ ఇంకా ప్రమాదం. గాయకుడు కావాలని వదిలిన మౌనాన్ని కూడా అది తినేస్తుంది. గ్యాప్‌లెస్ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు పాడడం, మౌనంతో సహా.

లినక్స్‌లో స్ట్రాబెర్రీ, డెడ్‌బీఫ్, ఆడేషస్ మూడూ ఈ పని చేస్తాయి. స్ట్రాబెర్రీ పాత క్లెమెంటైన్ నుంచి విడివడి వచ్చింది. దాని ప్లేబ్యాక్ సెట్టింగుల్లో ట్రాక్ తనంతట తాను మారినప్పుడు క్రాస్‌ఫేడ్ చేయమనే టిక్ ఉంటుంది, అది తీసేయండి. సినిమా పాటలకి క్రాస్‌ఫేడ్ కావాల్సిందే అంటారా, ఒకే ఆల్బమ్‌లోని ట్రాకుల మధ్య వద్దనే ఇంకో టిక్ పక్కనే ఉంటుంది, దాన్ని పెట్టుకోండి. ఎంపీడీ నడుపుకునేవాళ్లు క్రాస్‌ఫేడ్ సున్నా మీద ఉందో లేదో చూసుకుంటే చాలు. ఎంపీవీతో పాటలు వినేవాళ్లు కూడా ఉన్నారు, అందులో గ్యాప్‌లెస్ ఆడియో ఆప్షన్ మామూలుగా వీక్ అనే స్థాయిలో ఉంటుంది: తర్వాతి ఫైల్ కూడా అదే శాంపిల్ రేటులో ఉంటే సౌండ్ డివైస్ మూయకుండా కొనసాగిస్తుంది, వేరే రేటయితే మూసి మళ్లీ తెరుస్తుంది. ఒకే సీడీ నుంచి తీసిన ఫైళ్లకి అది సరిపోతుంది.

వీఎల్‌సీ అందరి దగ్గరా ఉంటుంది, వీడియోలకి దాన్ని మించింది లేదు. సంగీతానికి మాత్రం దాని 3 వెర్షన్ వద్దు, ట్రాక్ మారే చోట కొద్దిగా ఆగుతుంది. పైన చెప్పిన పరీక్ష దానిలో పెట్టి వినండి, మీకే తెలుస్తుంది.

సీడీలు ఎక్కించేటప్పుడు

ఇక్కడ జాగ్రత్త పడితే మిగతా పని సగం అయిపోయినట్టే.

ముందు సీడీ సంగతి. మన ఊళ్లో సముద్రపు గాలికి, ఆ తేమకి ఏదీ ఎక్కువ కాలం నిలవదు. ఎంవీపీ కాలనీలోనో బీచ్ రోడ్డులోనో కిటికీ పక్కన పదేళ్లు ఉన్న సీడీ మీద మసక పొర కనిపిస్తుంది. మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు. గీత పడితే గుండ్రపు గీత కంటే అడ్డు గీతని డ్రైవ్ తేలిగ్గా సరిదిద్దుకుంటుంది. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాపుల్లో డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి కొనుక్కోవాలి, ద్వారకానగర్ వైపు కంప్యూటర్ షాపుల్లో అడిగి చూడండి.

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడండి, మాక్‌లో ఎక్స్ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ పెట్టుకుంటే అనుమానం ఉన్న చోటల్లా మళ్లీ మళ్లీ చదువుతుంది, ఆలస్యం అవుతుంది, అవ్వనివ్వండి. సీడీ పెట్టాక ఎఫ్4 నొక్కి గ్యాపులు కనిపెట్టమనండి.

సీడీలో ట్రాకుల మధ్య ప్రీగ్యాప్ అని ఒక భాగం ఉండొచ్చు. కచేరీ సీడీల్లో ఇది ఖాళీగా ఉండదు, చప్పట్లు, శ్రుతి సరిచేసుకోవడం, ఒక్కోసారి గాయకుడు చెప్పే రెండు ముక్కలు అందులోనే ఉంటాయి. యాక్షన్ మెనూలో ఆ ప్రీగ్యాప్‌ని ఏం చెయ్యాలో మూడు దారులు కనిపిస్తాయి: ముందు ట్రాక్ చివర కలపడం, తర్వాతి ట్రాక్ మొదట్లో కలపడం, వదిలేయడం. మామూలుగా ముందు ట్రాక్‌కి కలిపే పద్ధతి మీద ఉంటుంది, దాన్నే ఉంచండి. వదిలేయడం ఎంచుకుంటే ఆ ధ్వని శాశ్వతంగా పోతుంది, ఆ తర్వాత ఏ ప్లేయరూ దాన్ని తిరిగి తేలేదు. అలాగే ఆప్షన్లలో మొదట, చివర ఉన్న నిశ్శబ్దాన్ని తొలగించమనే టిక్ ఒకటి ఉంటుంది, అది ఖాళీగా ఉండాలి.

ట్రాకులుగా కాకుండా సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసుకుని, పక్కన క్యూ షీట్ పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. క్యూ షీట్ అంటే ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో రాసి ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్. ధ్వని ఒకే ముక్కగా ఉంటుంది కాబట్టి అతుకు అన్న మాటే రాదు. హరికథకి నాకు ఇదే ఇష్టం, పద్యం, వచనం, కీర్తన ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి కదా, దాన్ని ముక్కలు చేయబుద్ధి కాదు. ఫూబార్2000లో క్యూ ఫైల్ తెరిస్తే మామూలు ట్రాకుల జాబితాలాగే కనిపిస్తుంది. ఇబ్బందల్లా ఫోన్లోకి ఎక్కించుకునేటప్పుడు, చాలా ఫోన్ యాప్‌లకి క్యూ షీట్ అర్థం కాదు.

ఇప్పటికే ఉన్న ఎంపీ3లని ఏం చెయ్యాలి

ఫూబార్2000లో ట్రాక్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఎన్‌కోడర్ డిలే 576 అని, దాని కింద ప్యాడింగ్ అని ఇంకో సంఖ్య కనిపిస్తే ఆ ఫైల్ దగ్గర లెక్క ఉంది. ఆ రెండు వరుసలూ లేకపోతే లెక్క లేదు. ఏదో పాత సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఫైల్ అయ్యుంటుంది, లేదా ఎంపీ3 కట్టర్‌తో కోసినది అయ్యుంటుంది.

లెక్క లేని ఫైళ్లకి మొదటి మందు: సీడీ మీ దగ్గరో, బంధువుల దగ్గరో ఉంటే దాన్నుంచి మళ్లీ ఎక్కించండి. ఇదే అన్నిటికంటే మంచి దారి, తక్కువ శ్రమ కూడా. సీడీ దొరకదు, ఆ ఫైళ్లే దిక్కు అంటే, ఫూబార్2000లో యుటిలిటీస్ కింద ఎంపీ3 గ్యాప్‌లెస్ సమాచారం మార్చే ఆప్షన్ ఉంది. లేమ్‌తో చేసిన ఫైల్ అని నమ్మకం ఉంటే ముందు వైపు 576 ఇవ్వొచ్చు. వెనక వైపు ఎంతో ఊహించడం కుదరదు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ అతుకు విని చూసుకోవాలి. ఓపిక ఉన్న పని. ప్రాణంగా చూసుకునే రెండు మూడు రికార్డింగులకైతే చెయ్యండి, మొత్తం కలెక్షన్‌కి వద్దు. ఈ పని చేసే ముందు ఫైళ్లకి కాపీ తీసి పెట్టుకోవడం మర్చిపోవద్దు.

ఇంకో దారి చాలామంది ప్రయత్నిస్తారు, ఎంపీ3 జాయినర్‌తో అన్నీ కలిపి ఒకే ఫైల్ చేయడం. దీనివల్ల లాభం లేదు. ఆ ఖాళీ ఫ్రేములు ఎక్కడివక్కడే ఉంటాయి, పైగా ప్రతి ఫైల్‌కీ విడిగా ఉన్న లెక్క కాస్తా పోతుంది. ముందు బాగుచేయగలిగింది ఇప్పుడు చేయలేని స్థితికి వస్తుంది.

లెక్క ఉన్న ఫైళ్లని, ఆ లెక్క చదవడం రాని ప్లేయర్‌లో వినాల్సి వస్తే, ఉదాహరణకి ఇంట్లో పెద్దవాళ్లు ఒకే ప్లేయర్‌కి అలవాటుపడి అది మార్చనంటే, ఫూబార్2000లో కన్వర్ట్ చేసి ఫ్లాక్ చేసి ఇవ్వండి. దానికి ఉచిత ఎన్‌కోడర్ ప్యాక్ విడిగా వేసుకోవాలి. కన్వర్ట్ అయ్యేటప్పుడే ఖాళీలు కత్తిరించి రాస్తుంది, కాబట్టి ఆ ప్లేయర్ ఫ్లాక్ జతని శుభ్రంగా పాడితే చాలు, కచేరీ కూడా శుభ్రంగా వస్తుంది. నాణ్యత పెరగదు, తగ్గదు కూడా. ఎంపీ3 నుంచి ఇంకో ఎంపీ3 చేస్తే మాత్రం తగ్గుతుంది, అది చెయ్యొద్దు.

క్యాసెట్ల సంగతి

కళాభారతిలోనో, గుళ్లో నవరాత్రులకో జరిగిన కచేరీని ఎవరో ముందు వరసలో కూర్చుని రికార్డ్ చేసిన క్యాసెట్ అయితే దానికి ఇంకో కాపీ ఎక్కడా ఉండదు. కాబట్టి తొందర వద్దు. టేప్ డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి వైరు పెట్టి, ఆడాసిటీలో ఒక సైడ్ మొత్తాన్ని ఒకే రికార్డింగ్‌గా తీసుకోండి. మధ్యలో ఆపొద్దు. సీ-60 అయితే సైడ్‌కి అరగంట, సీ-90 అయితే 45 నిమిషాలు.

హిస్ (టేపు సుయ్‌మనే చప్పుడు) తగ్గించడం, శబ్దం పెంచడం లాంటివన్నీ ముక్కలు చేయకముందే మొత్తం సైడ్ మీద ఒకేసారి చెయ్యాలి. ముక్కలు చేశాక విడివిడిగా చేస్తే ఒక ముక్క చివర, ఇంకో ముక్క మొదలు ఒకేలా రావు, ఖాళీ లేకపోయినా అతుకు దగ్గర శబ్దం మారినట్టు తెలుస్తుంది. అతుకుల దగ్గర ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ పెట్టొద్దు. ఇవన్నీ అయ్యాక లేబుళ్లు పెట్టి, ఇందాక పరీక్షకి చేసినట్టే మల్టిపుల్ ఫైల్స్‌గా ఫ్లాక్‌లోకి ఎక్స్‌పోర్ట్ చెయ్యండి.

ఫ్లాక్ కోసమే అయితే ఎక్కడ కోసినా ఫరవాలేదు. దీన్నే ఆడియో సీడీగా రాసి ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఒక షరతు ఉంది. సీడీ ధ్వనిని 588 శాంపిళ్ల సెక్టార్లుగా లెక్కపెడుతుంది, సెకనుకి 75. మీ కోత సెక్టార్ మధ్యలో పడితే రాసే సాఫ్ట్‌వేర్ మిగతాది నిశ్శబ్దంతో నింపుతుంది, మళ్లీ మొదటికే వస్తాం. ఆడాసిటీలో కొలత సీడీడీఏ ఫ్రేముల్లోకి మార్చి స్నాప్ ఆన్ చేసుకుంటే లేబుళ్లు సరిగ్గా సెక్టార్ అంచు మీదే పడతాయి. సీడీ రాసేటప్పుడు డిస్క్ ఎట్ వన్స్ పద్ధతి పెట్టండి. ట్రాక్ ఎట్ వన్స్ పెడితే ట్రాకుల మధ్య రెండు సెకన్ల ఖాళీ వస్తుంది.

క్యాసెట్ తిప్పేటప్పుడు పోయిన భాగం మాత్రం ఎవరూ తేలేరు. ఆ కచేరీనే ఇంకెవరైనా వేరే టేపులో రికార్డ్ చేశారేమో కనుక్కోండి, వాళ్ల టేపు తిరిగిన చోటు వేరేగా ఉంటుంది కాబట్టి ఒకదాంతో ఒకటి పూరించవచ్చు. రెండు టేపుల వేగం ఒకేలా ఉండదు, శ్రుతి కొద్దిగా తేడా వస్తుంది, ముందు అది కలిపాకే అతకాలి.

ఇవి కూడా చూసుకోండి

రీప్లేగెయిన్ (వాల్యూమ్‌ని సమానం చేసే సదుపాయం) వాడుతుంటే ట్రాక్ గెయిన్ వద్దు, ఆల్బమ్ గెయిన్ పెట్టండి. ఆలాపన మెత్తగా ఉంటుంది, తని ఆవర్తనం గట్టిగా ఉంటుంది. ట్రాక్ గెయిన్ రెండిటినీ సమానం చేయబోయి ట్రాక్ మారే చోట వాల్యూమ్‌ని ఒక్కసారిగా పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ఖాళీ లేకపోయినా చెవికి తెగినట్టే ఉంటుంది. ఫూబార్2000లో మొత్తం ఆల్బమ్‌ని ఎంచుకుని, ఒకే ఆల్బమ్‌గా స్కాన్ చేయమని చెప్పే ఆప్షన్ ఉంది, అది వాడండి.

ఫైళ్ల వరస. పేర్లు 1, 2, 10 అని ఉంటే కొన్ని ప్లేయర్లు ఒకటి తర్వాత పదిని పాడతాయి. 01, 02 అని పెట్టుకోండి, ట్రాక్ నంబర్ ట్యాగులు నింపండి, రెండు మూడు సీడీల సెట్ అయితే డిస్క్ నంబర్ కూడా. షఫుల్ ఆఫ్‌లో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

పరీక్షలో వైర్ హెడ్‌ఫోన్స్‌లో అంతా బాగుండి, బ్లూటూత్ స్పీకర్‌లోనో హెచ్‌డీఎంఐ మీద టీవీలోనో తెగితే అది ఆ దారి తప్పు. కొన్ని పరికరాలు సిగ్నల్ ఒక్క క్షణం ఆగినట్టు అనిపిస్తే చాలు మ్యూట్ అయి మళ్లీ తెరుచుకుంటాయి. డ్యాక్ పెట్టుకుని వసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో (ప్లేయర్ సౌండ్ డివైస్‌ని తన ఒక్కదానికే పట్టుకునే విండోస్ పద్ధతి) వినేవాళ్లకి, శాంపిల్ రేటు మారిన ప్రతిసారీ డివైస్ మళ్లీ తెరుచుకోవాలి, అక్కడ చిన్న ఆగడం సహజం. ఒకే కచేరీలో క్యాసెట్ భాగం 48 కిలోహెర్ట్జ్‌లోనూ సీడీ భాగం 44.1 కిలోహెర్ట్జ్‌లోనూ ఉంటే అన్నిటినీ ఒకే రేటుకి మార్చుకోండి.

పాటలు బయట హార్డ్ డిస్క్‌లో పెట్టుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి. ఇరవై నిమిషాల రాగం ట్రాక్ మొత్తం మెమరీలోకి ఎక్కేశాక డిస్క్ నిద్రపోతుంది, తర్వాతి ట్రాక్ అడిగేసరికి అది మేలుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అలా పొడవైన ట్రాకుల తర్వాత మాత్రమే గ్యాప్ వస్తుంటే కారణం దాదాపు ఇదే. పవర్ సెట్టింగుల్లో హార్డ్ డిస్క్ ఆగిపోయే సమయాన్ని పెంచండి, లేకపోతే వినబోయే ఆల్బమ్‌ని కంప్యూటర్ లోపలి డిస్క్‌లోకి కాపీ చేసుకుని వినండి.

అంతా అయ్యాక కచేరీ మొత్తం వినక్కర్లేదు. ప్రతి ట్రాక్ చివరి పది సెకన్ల దగ్గరికి జరిపి, అక్కడి నుంచి తర్వాతి ట్రాక్‌లోకి వెళ్లేదాకా వినండి. ట్రాక్ మార్చే బటన్ నొక్కొద్దు, తనంతట తానే మారనివ్వాలి, బటన్ నొక్కితే ప్లేయర్ వేరే పద్ధతిలో మారుస్తుంది, అది పరీక్ష కాదు. పదిహేను ట్రాకుల సీడీ సెట్ అయినా పది నిమిషాల్లోపే అయిపోతుంది. ఏ అతుకు దగ్గర అనుమానం వచ్చినా ఆ రెండు ఫైళ్ల ప్రాపర్టీస్ ముందు చూడండి, ఆ తర్వాతే సెట్టింగుల జోలికి వెళ్లండి.